చరణ్ సింగ్ అందరి రైతు నాయకుడా, భూమి ఉన్నవాళ్ల నాయకుడా?

గోదారిగట్టు:
2024 ఫిబ్రవరిలో పీవీకి భారతరత్న అనగానే మన వాట్సాప్ గ్రూపులన్నీ హోరెత్తిపోయాయి, బాగానే ఉంది. అదే రోజు చౌదరి చరణ్ సింగ్‌కి, స్వామినాథన్‌కి కూడా ప్రకటించారు. చరణ్ సింగ్ ఎవరంటే మనవాళ్లు చెప్పేది ఒక్కటే, పార్లమెంటును ఎదుర్కోకుండానే దిగిపోయిన ప్రధాని అని. 1979 జూలై 28న ప్రమాణం, ఆగస్టు 20న రాజీనామా, కాదనను. కానీ ఆయన అసలు పని ఢిల్లీలో కాదు, యూపీ రాజధాని లక్నోలో. 1902లో మీరట్ జిల్లా నూర్‌పూర్‌లో కౌలు చేసుకునే ఇంట్లో పుట్టాడు, ఘజియాబాద్‌లో వకీలు పని చేశాడు, 1937లో ఛప్రౌలీ నుంచి అసెంబ్లీకి వెళ్లాడు. వెళ్లిన మరుసటి ఏడే మార్కెట్‌లో రైతుకు జరిగే మోసాల మీద బిల్లు తెచ్చాడు, తర్వాత అప్పుల విముక్తి, ఆ తర్వాత జమీందారీ రద్దు, చెక్కలు చెక్కలుగా ఉన్న పొలాలను ఒకచోటికి చేర్చే చట్టం. ఒక రాష్ట్రంలో కూర్చుని చట్టాలతోనే ఊళ్ల తీరు మార్చినవాళ్లలో ఈయనది ముందు వరస అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు రండి, మాట్లాడుకుందాం.

ఎర్రమట్టి:
అన్నా, ఊళ్ల తీరు మారింది సరే, ఎవరి వైపుకి మారింది? జమీందారీ రద్దు చట్టం 1951లో పాసై 1952 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాది శిస్తుకు పది రెట్లు ఒకేసారి కట్టిన కౌలుదారుకు 'భూమిధర్' హక్కు, అంటే అమ్ముకోవచ్చు, పైగా కట్టాల్సిన శిస్తు సగానికి తగ్గుతుంది. కట్టలేనివాడు 'సీర్దార్', వాడికి సాగు హక్కే గానీ అమ్ముకునే హక్కు లేదు. పదేళ్ల శిస్తు చేతిలో ఉన్న కౌలుదారు ఎవరు? జాట్, కుర్మీ, యాదవ్ ఇళ్లలో కాస్త నిలదొక్కుకున్నవాళ్లు. జమీందారు కూడా సొంత సాగు కింద 'సీర్', 'ఖుద్‌కాష్ట్' అని రాయించుకున్నదంతా ఉంచుకున్నాడు. ఆ పొలాల్లో నడుం వంచిన దళిత కూలీకి వచ్చింది సున్నా. 1960 సీలింగ్ చట్టంలో హద్దు 40 ఎకరాలు, అంత ఎత్తులో హద్దు పెడితే పంచడానికి ఏం మిగులుతుంది? ఇంకోటి, ఆ జమీందారీ రద్దు కమిటీకి అధ్యక్షుడు గోవింద్ వల్లభ్ పంత్. చరణ్ సింగ్ అప్పుడు పార్లమెంటరీ సెక్రటరీ. అంతా ఈయన ఒంటిచేత్తో చేసినట్టు చెప్పకండి.

ప్లీడరు:
ఎర్రమట్టి గారూ, సగం చెప్పి వదిలేశారు. చట్టంలో సెక్షన్ 20 చూడండి. 1356 ఫసలీ (పంట సంవత్సరం) లెక్కల్లో, అంటే 1948-49లో, పొలం మీద ఉన్నట్టు ఎవరి పేరు నమోదై ఉందో వాళ్లకు 'అధివాసి' హోదా ఇచ్చింది. కౌలుదారు దగ్గర ఉపకౌలుకు చేసుకునే చిన్నోళ్లు ఇందులోకి వచ్చారు. 1954 సవరణతో వాళ్లను సీర్దార్లను చేశారు, అప్పటికి చరణ్ సింగే రెవెన్యూ మంత్రి. అందులో చాలామంది అట్టడుగు కులాలవాళ్లే. పార్టీలోనే ఎంత వ్యతిరేకత వచ్చిందో చదివితే తెలుస్తుంది.

సెక్షన్ 9 కూడా ఉంది. ఊరి నివేశన స్థలంలో ఎవరి గుడిసె వాళ్లది, ఎవరి బావి, చెట్టు వాళ్లవి. చిన్న విషయం అనిపిస్తుంది గానీ, అంతకు ముందు కూలీకి ఎదురుమాట వస్తే జమీందారు చేసే మొదటి పని ఇల్లు ఖాళీ చేయించడం. ఉంటున్న చోటు నుంచి గెంటేస్తాడన్న భయం పోతేనే కదా కూలి రేటు గురించి నోరు విప్పేది.

ఇక ఫసలీ లెక్కలు రాసేది ఎవరు? పట్వారీ. పాత రికార్డులో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు ఎక్కిస్తే పొలం చేతులు మారినట్టే. 1953లో యూపీ పట్వారీలు సుమారు 27 వేల మంది డిమాండ్ల కోసం మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు, సర్కారు దిగొస్తుందనుకున్నారు. చరణ్ సింగ్ ఆ రాజీనామాలు ఆమోదించి కూర్చున్నాడు! లేఖ్‌పాల్ అనే కొత్త ఉద్యోగం పెట్టి కొత్తవాళ్లను తీసుకున్నాడు. మన దగ్గర ఎన్టీఆర్ కరణాలనూ పటేల్ పట్వారీలనూ తీసేసింది 1984లో.

మెట్టరైతు:
పట్వారీల కథ బాగుంది, లేఖ్‌పాల్ మాత్రం లంచం తీసుకోడా ఏంటి 😀

ప్లీడరు:
తీసుకుంటాడు. మా దగ్గర వీఆర్వోలు తీసుకోలేదా? కుర్చీ వారసత్వంగా కొడుక్కి పోదు, అదే తేడా.

మీరట్‌లోఉన్నా:
ఉద్యోగం మీద అక్కడ కొన్నేళ్లు ఉన్నవాణ్ణి, కాబట్టి ఒక ముక్క. అక్కడ 'చక్‌బందీ' అంటారు, 1953 చట్టం. ఒకే రైతుకు ఊరి చుట్టూ ఎనిమిది చోట్ల తలా కాస్త ఉంటే అన్నీ కలిపి ఒకటి రెండు చోట్ల ఇస్తారు. మధ్యలో పొలానికి దారి వదులుతారు, కాలవకు చోటు వదులుతారు. చెరకు బండి ఎవరి గట్టూ తొక్కకుండా రోడ్డెక్కుతుందంటే అది ఈ దారి వల్లే. చెక్కలన్నీ ఒక్కచోట ఉంటేనే బోరు వేయడానికి ధైర్యం వస్తుంది, ఎనిమిది చెక్కలకు ఎనిమిది బోర్లు ఎవడు వేస్తాడు? పశ్చిమ యూపీలో చెరకు, గోధుమ అలా నిలబడడానికి ఇదీ ఒక కారణం. అయితే పక్క నుంచి విన్నది కూడా చెప్పాలి. ఏ నేల ఎన్ని అణాల విలువ అని లెక్క కట్టే దగ్గర పలుకుబడి ఉన్నవాడికి నీళ్ల పక్కన, లేనివాడికి చవిటి నేల వచ్చిన ఊళ్లు బోలెడు. కేసులు తాతల నుంచి మనవళ్ల దాకా నడుస్తున్నాయి.

ఎర్రమట్టి:
ప్లీడరు గారూ, మీరు చెప్పిన అధివాసి హక్కు రికార్డులో పేరున్నవాడికే. పేరు లేనివాడి సంగతి? చట్టం ఇంకో పని చేసింది, ఇకమీదట భూమి కౌలుకు ఇవ్వకూడదంది. వితంతువులు, మైనర్లు, సైన్యంలో ఉన్నవాళ్లు లాంటి కొందరికే మినహాయింపు. వినడానికి గొప్పగా ఉంటుంది, మళ్లీ జమీందారు పుట్టడు అని. కానీ కౌలు ఆగిందా? 'బటాయి' పేరుతో, అంటే పంటలో వాటాకి, నోటిమాట మీద నడిచింది. కాగితం మీద కౌలే లేదు కాబట్టి కౌలు రైతూ లేడు, బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చినప్పుడు డబ్బు పట్టాదారు చేతిలో పడింది, పొలం చేసిన కౌలుదారు నోట్లో మట్టి పడింది. రెండుచోట్లా తంతు అదే, కాగితంలో పేరున్నవాడే రైతు.

గోదారిగట్టు:
బటాయి పాయింటు గట్టిదే, కానీ ఆ కాలం నుంచి చూడాలి. ఆయన దృష్టిలో శత్రువులు ఇద్దరు. పై నుంచి శిస్తు పిండే జమీందారు ఒకడు, భూములన్నీ కలిపి సహకార వ్యవసాయం చేయిస్తానన్న సర్కారు రెండోది. 1959 జనవరి నాగపూర్ కాంగ్రెస్‌లో నెహ్రూ పెట్టిన ఆ తీర్మానాన్ని సభలోనే ఎదిరించాడు, కొన్ని నెలలకే మంత్రి పదవి వదిలాడు. అదే తీర్మానాన్ని మన ఎన్.జి.రంగా కూడా కాదన్నాడు. ఆయన కాంగ్రెస్ వదిలి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టాడు, చరణ్ సింగ్ మాత్రం 1967 దాకా లోపలే ఉండి ఆ తర్వాత 16 మంది ఎమ్మెల్యేలతో బయటికొచ్చి యూపీ తొలి కాంగ్రెసేతర ముఖ్యమంత్రి అయ్యాడు. రంగాని జమీందార్ల పక్కన కూర్చున్నాడు అనొచ్చు, ఈయన్ని అలా అనలేం.

కులం సంగతికి వస్తే, జాట్ నాయకుడు అని ముద్ర వేసేశారు గానీ 1954లో నెహ్రూకి ఏం రాశాడో చూడండి. గెజిటెడ్ ఉద్యోగాలకు కులాంతర వివాహం షరతుగా పెట్టమన్నాడు. నెహ్రూ కుదరదన్నారు. కులం పేరు పెట్టుకున్న కాలేజీలకు గ్రాంటు ఆపుతామని తర్వాత ఈయన సర్కారే అంది, జాట్ కాలేజీలకు కూడా అదే రూలు.

నెల్లూరుపిల్లోడు:
లెటర్లు సరే బ్రదర్, 1979 ఆగస్టులో ఏమైందో చెప్పవేం? ఈయన రాజీనామా చేస్తే తర్వాత వరసలో జగ్జీవన్ రామ్ ఉన్నాడు. సభ రద్దు చేయమని సలహా ఇచ్చింది చరణ్ సింగ్, సరేనన్నది అప్పటి రాష్ట్రపతి, మన సంజీవరెడ్డి గారు. దేశానికి దళిత ప్రధాని రావాల్సిన రోజున ఈ ఇద్దరూ కలిసి తలుపు వేశారు. మనవాళ్లు సంజీవరెడ్డి గొప్పల్లో ఈ పేజీ చదవరు.

ప్లీడరు:
జగ్జీవన్ రామ్‌కి మెజారిటీ ఉందా లేదా అన్నది సభలో తేలాల్సింది, తేలనివ్వలేదు. అంతవరకు మీతో ఏకీభవిస్తా. దానికీ జమీందారీ రద్దు చట్టానికీ ముడిపెట్టకండి.

సుజాత_లా:
ఇంతసేపటి నుంచి చదువుతున్నా, ఇంతమందిలో ఒక్కరూ ఆ జమీందారీ రద్దు చట్టంలోని సెక్షన్ 171 ఎత్తలేదు. రైతు చనిపోతే భూమి ఎవరికి పోవాలో చెప్పిన సెక్షన్ అది. ముందు కొడుకులు, మనవళ్లు. అప్పట్లో మగ సంతానం ఉంటే కూతురికి వాటా ఉండేది కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినా ఇలాంటి సాగుభూమి చట్టాలకు మినహాయింపు ఇచ్చేశారు, అది తీసింది 2005లో. 'రైతుల కొడుకులకు ఉద్యోగాల్లో యాభై శాతం' అని 1939లోనే అడిగాడు ఈయన. కొడుకులకు! యూపీలో కోట్ల మంది ఆడవాళ్లు నాట్లు వేసి, చెరకు కొట్టి, పశువుల పేడ ఎత్తి కూడా రికార్డులోకి ఎక్కలేదు.

గోదారిగట్టు:
సుజాత గారూ, అప్పట్లో వాదన ఏంటంటే కూతుళ్లకు కూడా పంచితే కమతాలు చిన్న ముక్కలైపోతాయని, అల్లుడి ఊరు వేరు కాబట్టి సాగు చేసేవాడు దగ్గర ఉండడని. చక్‌బందీ ఒక పక్క చేస్తూ ఇంకో పక్క ముక్కలు చేయలేరు కదా.

సుజాత_లా:
నలుగురు కొడుకులుంటే నాలుగు ముక్కలు చేశారు కదండీ, అప్పుడు చక్‌బందీకి ఏం కాలేదా? ముక్కల భయం కూతురి దగ్గరే ఎందుకు గుర్తొచ్చిందో చెప్పండి, ముందు వరసో వెనక వరసో తర్వాత తేల్చుకుందాం.