ఇంట్లో కోపం: అదే పాపం మళ్ళీ మళ్ళీ చేస్తుంటే నాలో కృప పని చేస్తున్నట్టేనా?

ప్రశ్న:
అందరికీ ప్రభువు పేరట వందనాలు. చాలా రోజుల నుంచి అడుగుదామనుకుని ఆగిపోతున్నా. బాప్తిస్మం తీసుకుని 11 ఏళ్ళయింది, తాగుడు అబద్ధాలు అన్నీ దేవుడు తీసేశాడు, కోపం మాత్రం పోలేదు. బయట అందరితో బాగానే ఉంటా, ఇంటికొచ్చాక చిన్న విషయానికే నా భార్య మీద పిల్లల మీద అరిచేస్తా, నోటికి ఎంత మాట వస్తే అంత అనేస్తా. రాత్రి మోకాళ్ళ మీద ఏడ్చి 1 యోహాను 1:9 (పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడు అన్న వచనం) పట్టుకుని ఒప్పుకుంటా, మనసు తేలికవుతుంది, నాలుగు రోజులు బాగుంటా, మళ్ళీ మామూలే. ఎలాగూ క్షమిస్తాడులే అని లోపల ఎక్కడో అనుకుంటున్నానేమో అని భయంగా ఉంది. అదే పత్రికలో 3:9 చూస్తే దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చేయడు అని ఉంది. ఒకరేమో కృప ఉంది కంగారు పడకు అంటారు, ఇంకొకరు పరిశుద్ధత లేకుండా ఎవడూ ప్రభువును చూడడు (హెబ్రీ 12:14) అంటారు. అసలు నేను రక్షణలో ఉన్నానా లేదా?

జవాబు 1:
వందనాలు బ్రదర్. ముందు 3:9 సంగతి. అదే యోహాను అదే పత్రిక 1:8లో మనం పాపం లేనివాళ్ళం అంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటాం అని రాశాడు, 2:1లో ఎవడైనా పాపం చేస్తే ఉత్తరవాది (మన తరఫున మాట్లాడేవాడు, యేసు) ఉన్నాడన్నాడు. కాబట్టి 3:9లో ఒక్కసారి కూడా పడడు అని కాదు, పాపంలోనే హాయిగా కాపురం పెట్టేయడు అని చాలామంది అర్థం చేసుకుంటారు, నాకూ అదే సరి అనిపిస్తుంది. మీకు హాయిగా లేదు కదా, ఏడుస్తున్నారు కదా.
ఇంకోటి, కృప అంటే మాఫీ ఒక్కటే అనుకుంటాం, తీతు 2:11-12 చదవండి, కృప మనకు బోధిస్తుంది అని ఉంటుంది. అక్కడ గ్రీకులో వాడిన క్రియే హెబ్రీ 12:6లో "ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి" అన్నచోట కూడా ఉంది, పిల్లల్ని పెంచేటప్పుడు దిద్దుతామే, ఆ దిద్దడం. అంటే మిమ్మల్ని క్షమించే కృపే మీ చెయ్యి పట్టుకుని దిద్దుతుంది కూడా, రెండూ వేరువేరు కాదు. రోమా 6లో పౌలు కృప విస్తరించాలని పాపంలోనే ఉందామా అని అడిగి అట్లనరాదు అన్నది అందుకే.

జవాబు 2:
నేను ఒక సిస్టర్‌ని, అటువైపు నుంచి చెప్తాను. మా వారూ ఇలాగే ఉండేవారు, రాత్రి పక్కగదిలో ప్రార్థనలో ఏడవడం నాకు వినబడేది, పొద్దున్నే ఏమీ జరగనట్టు కాఫీ ఇవ్వమనేవారు. దేవుడితో అయితే లెక్క సరిపోయింది, మరి నాతో? మత్తయి 5:23-24లో యేసు ప్రభువు అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి నీ సహోదరుడితో సమాధానపడు అన్నాడు. 1 పేతురు 3:7 అయితే భర్తలకే రాసింది, భార్యను సన్మానించకపోతే ప్రార్థనలకే అభ్యంతరం అని. రాత్రి మీ మనసు తేలికవుతోంది అన్నారు కదా అన్నా, బరువు ఆవిడ దగ్గర ఉండిపోయి ఉంటుంది. పిల్లల ఎదుట తిడితే పిల్లల ఎదుటే క్షమాపణ అడగండి, "నువ్వు అలా అన్నావు కాబట్టి" అని మాత్రం కలపొద్దు. చెయ్యి కూడా లేస్తుంటే ఇక్కడ రాయడం చాలదు, ఈరోజే మీ పెద్దలకు చెప్పండి, ఆవిడకు, పిల్లలకు భద్రత ముందు.

జవాబు 3:
సిస్టర్ చెప్పింది నిజమే కానీ ఒక జాగ్రత్త. వెళ్ళి క్షమాపణ అడిగితేనే దేవుడు ఒప్పుకుంటాడు అన్నట్టు తీసుకోకండి, అప్పుడు మళ్ళీ మన క్రియలతో రక్షణ సంపాదించుకున్నట్టు అవుతుంది. పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి (లూకా 19), అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చేస్తా అన్నాడు కానీ యేసు అతని ఇంటికి వస్తానన్న తర్వాత. ముందు ఆయన వచ్చాడు, తర్వాత డబ్బు సంచి విప్పుకుంది. అలాగని విప్పకుండా ఉండిపోతే ఆయన వచ్చాడని ఎలా తెలుస్తుంది? ఎఫెసీ 2:8, 9 (కృప చేతనే రక్షణ, క్రియల వల్ల కాదు) బట్టీ పట్టి 10 (సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డాం) వదిలేస్తుంటాం మనం. యాకోబు 5:16లో ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమన్నది కూడా చేసి చూడండి, నమ్మకమైన పెద్దాయన ఒకరికి ఏ రోజు ఏమన్నారో ఆ మాటలతో సహా చెప్పండి, "నాకు కాస్త కోపం ఎక్కువ" అని కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. చెయ్యి ఎప్పుడూ లేవలేదు సిస్టర్, కానీ మాటలు మాత్రం మామూలువి కావు. రక్షణలో ఉన్నానా అని నా గురించే అడిగాను, ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదని మీ జవాబు చదివాకే తెలిసింది. నిన్న రాత్రి మోకాళ్ళ మీదికి వెళ్ళకముందు వంటగదిలోకి వెళ్ళి చెప్పాను, పిల్లలు కూడా ఉన్నారు. తను చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "చూద్దాం" అంది. పెద్దాయనకి ఇంకా చెప్పలేదు, ఆదివారం ఆరాధన అయ్యాక ఆగమని మెసేజ్ పెట్టాను. ప్రార్థన చేయండి.

జవాబు 2:
"చూద్దాం" అన్నందుకు నొచ్చుకోకండి అన్నా, నేను మా వారితో ఆ మాట కూడా అనలేదు, నమ్మడానికి చాలా కాలం పట్టింది. మీ ఇద్దరి కోసం, పిల్లల కోసం ప్రార్థన చేస్తున్నాను.