ప్లీహం తీసేశాక ఈతలో దమ్ము తగ్గుతుందా?

నమస్కారమండీ. మాది విజయవాడ, కృష్ణలంక. మూడు నెలల కిందట మా తమ్ముడు బండి మీద నుంచి పడ్డాడు. లోపల రక్తస్రావం ఆగక ప్లీహం (స్ప్లీన్) తీసేశారు. టీకాలన్నీ వేయించాం. జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చేయొద్దన్నారు. అంతవరకు సరే.

వాడికి ఈత పిచ్చి. కృష్ణలో మునిగి ఊపిరి బిగబట్టడంలో మా వీధికి వాడే మొనగాడు. ఇప్పుడేమో ఎక్కడో చదివి టెన్షన్ పడుతున్నాడు. ఊపిరి బిగబడితే ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది కదా, తనకిక అది లేదు కదా అని. ఇండోనేషియాలో సముద్రంలో మునిగి బతికే బజావు జనానికి ప్లీహం పొరుగు ఊళ్లవాళ్ల కంటే 50 శాతం పెద్దదని 2018లో తేలిందట, అదొకటి పట్టుకున్నాడు. గుర్రాలకైతే ఆ నిల్వ చాలా ఎక్కువ గానీ మనుషులకు కొంచెమేరా, ముసలి ఎర్రకణాలను ఏరేయడమే దాని అసలు పని అంటే వినడు. అమ్మ మాత్రం రోజూ బీట్‌రూట్ రసం తాగిస్తోంది!

ఈ ఆపరేషన్ అయినవాళ్లెవరైనా మళ్లీ ఈతకు వెళ్లారా? ఎన్నాళ్లు ఆగారు? దమ్ములో తేడా తెలిసిందా? డాక్టరు గారిని ఎలాగూ అడుగుతాం, కానీ అప్పటిదాకా వీడు ఆగేలా లేడు.