డాబా గోడల పాచి: ప్రెషర్ వాషర్ పెట్టవచ్చా, పనివాళ్ళను పిలవడమే మేలా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా ఇల్లు నాగావళికి రెండు వీధుల ఇవతల ఉంది. కింది భాగం మా తాతగారు సున్నపు గారతో కట్టించినది, పై డాబా 1998లో మా నాన్నగారు సిమెంటుతో వేయించినది. ఉత్తరపు గోడ, పిట్టగోడ పైభాగం వానాకాలం గడిచేసరికి నల్లగా పాచి కట్టి, చేత్తో తాకితే జారిపోయేలా తయారయ్యాయి. సంక్రాంతిలోపు రంగులు వేయించాలని అనుకుంటున్నాము. రంగుల మేస్త్రి వైరు బ్రష్షుతో గోకించాలని అంటున్నాడు. మా బావమరిది మాత్రం కార్లు కడిగే మిషను అద్దెకు తెస్తే ఒక్క పూటలో తేలిపోతుందని పట్టుబడుతున్నాడు. ఈ పని చేయించినవారు తమ అనుభవం చెప్పగలరు.

కోట_వీధి (విజయనగరం)

మీ బావమరిదిగారిని ఒక వారం ఆపండి. నేను ఆపలేకపోయాను కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ళ కిందట వాహనాలు కడిగే చోటు నుంచి ఒక కుర్రవాడిని మిషనుతో సహా పిలిచాను. అతడు లారీ చక్రాల బురద వదిలించే సన్నని నాజిల్‌నే మా గోడకు జానెడు దూరంలో పెట్టాడు. పాచి పోయిన మాట నిజమే, కానీ దానితోపాటు రంగు, రంగు కింది పుట్టీ, కొన్నిచోట్ల గార కూడా పెచ్చులుగా లేచివచ్చాయి. నాజిల్ నడిచిన దారంతా గోడ మీద చీపురుతో గీసినట్టు చారలు పడ్డాయి, వాటి మీద రెండు కోట్లు వేసినా ఏటవాలు ఎండలో ఇప్పటికీ కనబడతాయి. కిటికీ సందుల్లోంచి నీరు లోపలికి చిమ్మి బీరువా వెనుక గోడ ఉబ్బింది. అతడిని తిట్టి లాభం లేదు, ఇనుము కడగడం తెలిసినవాడిని గోడ కడగడానికి పిలిచింది నేనే.

సబ్బునీళ్ళు (రాజాం)

ఇది నేను చేసే వృత్తి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. ఇళ్ళకు వాడే చిన్న మిషనే 100 నుంచి 130 బార్ ఒత్తిడి ఇస్తుంది. కారు టైరులో ఉండే గాలి సుమారు రెండు బార్లేనని గుర్తు చేసుకుంటే ఆ నీటి బలం ఎంతో అర్థమవుతుంది. చాలా మిషన్లతో రంగు గుర్తులున్న నాజిళ్ళు వస్తాయి. ఎరుపుది సున్నా డిగ్రీలు, అంటే ధార సూదిలా ఒకేచోట తగులుతుంది, దానిని ఇంటి గోడ మీద అసలు పెట్టకూడదు. పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీలు, నలుపు సబ్బునీటికి. సిమెంటు గోడకు తెలుపు నాజిల్‌తో మొదలుపెట్టి, రెండడుగులు దూరంగా నిలబడి, అవసరమైతేనే కొంచెం దగ్గరకు జరగాలి.

అసలు సంగతి ఏమిటంటే, పాచిని చంపేది మందు, ఒత్తిడి చచ్చినదాన్ని కడిగేస్తుంది, అంతే. బ్లీచింగ్ పౌడరును నీటిలో కలిపి, అడుగున మడ్డి పేరుకున్నాక పైనున్న తేటను గుడ్డతో వడగట్టి, గోడ మీద కింది నుంచి పైకి చల్లుతాము, పై నుంచి చల్లితే కారిన చోటల్లా మరకలు నిలిచిపోతాయి. పది పదిహేను నిమిషాలు నానబెట్టి, ఆరిపోకముందే పై నుంచి కిందికి మామూలు నీటితో కడుగుతాము. గోడ పక్కన తులసి, మందార ఉంటే ముందే బాగా తడిపి పట్టా కప్పాలి. బ్లీచింగు ఉన్నచోటికి బాత్రూములు కడిగే యాసిడ్ చేరనివ్వకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మీ కింది అంతస్తు సున్నపు గార కాబట్టి అక్కడ మిషనే వద్దు, మందు చల్లి, మెత్తని కొబ్బరిపీచు బ్రష్షుతో రుద్ది, చెంబుతో నీళ్ళు పోయండి.

పాత_లైన్‌మన్ (బొబ్బిలి)

నీటి సంగతి సబ్బునీళ్ళుగారు చెప్పారు, కరెంటు సంగతి నేను చెబుతాను. తడిలో నిలబడి నడిపే మోటారు కనుక, మీ బోర్డులో, కరెంటు లీకయితే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందో లేదో చూసుకున్నాకే ప్లగ్గు పెట్టండి. ఎర్తింగు సరిగా లేని మూడు పిన్నుల సాకెట్ పేరుకే మూడు పిన్నులది. ఎక్స్‌టెన్షన్ తీగ అతుకు నీళ్ళలో పడి ఉండకూడదు, బయటి లైట్లకు, కాలింగ్ బెల్లుకు సరఫరా ఆపేయాలి. డాబా పక్కనే సర్వీసు వైరు వెళుతుంటే ధారను ఆ వైపు తిప్పవద్దు, ఇనుప నిచ్చెన ఆ దరిదాపులకు తేవద్దు.

నిచ్చెన మీద నిలబడి గన్ నొక్కేవారిని చూస్తే నాకు భయం. నొక్కగానే అది వెనక్కి తంతుంది, పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. పై అంతస్తయితే సారువ (పరంజా) కట్టించి, బెల్టు వేసుకున్న మనిషి చేయవలసిన పని అది.

జీడితోట (పలాస)

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా దగ్గర తీరం దాటిన రోజు, వానను గాలి అడ్డంగా కొట్టి గోడల వెంట్రుకవాసి పగుళ్ళలోకి కూడా నీరు ఎక్కించింది. మిషను చేసేదీ అదే పని, కాకపోతే మనం డబ్బిచ్చి చేయించుకుంటాము. అందుచేత ముందు పగుళ్ళు పూడ్పించండి, ఆ పూత గట్టిపడ్డాక కడిగించండి. కడిగాక ఎండ బాగా కాసిన రోజులు కొన్ని పోనిచ్చి రంగు మొదలుపెట్టండి. అక్టోబరు, నవంబరు నెలలను తుపాన్లకు వదిలేసి డిసెంబరులో పెట్టుకుంటే పండగకు అందుతుంది.

కోట_వీధి (విజయనగరం)

రెండోసారి పిలిచినప్పుడు నేను చేసిన తేడా కూడా చెప్పాలి. ముగ్గురిని పిలిచాను. ఇద్దరు వీధిలో నిలబడే ధర చెప్పారు. మూడో ఆయన గోడను వేలి కణుపుతో తట్టుకుంటూ ఇల్లంతా తిరిగి, గార లోపల వదులై డొల్లగా మోగినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడ ధార కొట్టనని ముందే చెప్పాడు. పని ఆయనకే ఇచ్చాను. నీరు, కరెంటు ఎవరివి, సారువ ఖర్చు చదరపు అడుగు లెక్కలో కలిసిందా, అద్దం పగిలితే ఎవరిది పూచీ, ఇవన్నీ కాగితం మీద రాయించుకున్నాను. నీరు తక్కువేమీ కాదు: నిమిషానికి ఏడు లీటర్లు వాడే మిషను గంటకు 420 లీటర్లు లాగుతుంది, ట్యాంకు మధ్యలో ఖాళీ అయితే పంపు పొడిగా తిరిగి పాడవుతుంది.

సబ్బునీళ్ళు (రాజాం)

ఒక్కటి మరిచాను. ధార చేతికి తగిలి చిన్న చిల్లు పడితే, నెత్తురు రాలేదని పసుపు అద్ది ఊరుకోకండి. నీరు చర్మం కిందికి దూరి లోపల కండను పాడుచేస్తుంది కాబట్టి, ప్రెషర్ మిషను దెబ్బ అని చెప్పి వెంటనే ఆసుపత్రిలో చూపించాలి. పనిలో బూట్లు, కళ్ళద్దాలు తప్పనిసరి, హవాయి చెప్పులతో వచ్చిన మనిషిని నేనైతే పనిలోకి దించను.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న నూతి వెనుక, ఎవరికీ కనబడని చోట, తలుపంత మేర బ్లీచింగు తేట చల్లి చూశాను. పావుగంటకు నలుపు కాస్తా ముదురు గోధుమరంగుకు తిరిగింది, తెల్ల నాజిల్‌తో రెండడుగుల దూరం నుంచి కడిగితే రంగు లేవకుండా పాచి పోయింది. కింది గోడను కణుపుతో తడితే వీధి అరుగు పైన మూడుచోట్ల డొల్లగా మోగింది, వాటిని మేస్త్రికి చూపించాలి. పై అంతస్తుకు సారువతో వచ్చేవారిని ఇద్దరిని ఆదివారం రమ్మన్నాను. మా బావమరిది అద్దెకు తెచ్చిన మిషనును ఊరికే తిప్పి పంపడం ఎందుకని తన బండి కడుక్కుంటున్నాడు.