అప్‌డేట్: బైక్ రిపేరు బెంచీ ఊగడం ఆగిపోయింది

పోయిన నెల అడిగాను కదా, వైస్‌లో (సామాను కదలకుండా బిగించి పట్టుకునే ఇనుప సాధనం) బిగించి, పట్టేసిన నట్టు విప్పబోతే బెంచీ మొత్తం ఊగుతోంది, ఏం చేయాలని. ఇప్పుడు కదలడం లేదన్నా! బెంచీ కాళ్లు మార్చే పనే పడలేదు, మీరు చెప్పినట్టు వెనకాల, రెండు పక్కలా ఏటవాలుగా పట్టీలు వేసి, మేకులు పీకేసి బోల్టులు బిగించి, వైస్‌ని మధ్యలోంచి తీసి సరిగ్గా కాలు మీదికి జరిపాను. పైన కడప బండే వేద్దామనుకున్నా (మా కడపలో సులువుగా దొరికేది అదే కదా), కానీ సుత్తి దెబ్బకు పగులుతుందని ఇక్కడ ఒకరు ఆపారు, మంచి పని చేశారు. పైన రెండంగుళాల వేప పలకలు వేశాను. బండను కింది అరలో పరిచాను, ఆ బరువుకే సగం ఊపు తగ్గింది. నిన్న వెనక చక్రం బేరింగులు ఈ బెంచీ మీదే కొట్టి తీశాను, కాస్త కూడా జరగలేదు. అందరికీ చాలా థ్యాంక్స్.