హెచ్‌ఎంఎస్ కొస్సాక్: పోయిన తేదీలు మూడు, పెనెంట్ నంబర్లు రెండు. ఏది రాయాలి?

తెరచాప (ప్రశ్న):
1937లో జలప్రవేశం చేసిన బ్రిటిష్ డిస్ట్రాయర్ (వేగంగా కదిలే చిన్న యుద్ధనౌక) కొస్సాక్ సర్వీసు చరిత్ర తేదీలవారీగా రాస్తున్నాను. ఈ నౌక పోయింది 1941 అక్టోబరు 23న అని ఒకచోట, 24న అని ఇంకోచోట, 27న అని మరోచోట ఉంది. ఓడ పక్కన రాసే గుర్తింపు నంబరు (పెనెంట్ నంబరు) ఒక ఫొటోలో ఎఫ్03, ఇంకో ఫొటోలో జీ03. అన్నిటికన్నా వింత, యుద్ధగౌరవాల (పాల్గొన్న పోరాటాలకు గుర్తింపుగా ఇచ్చే పేర్లు) జాబితాలో "బాల్టిక్ 1855" అని ఉంది. లాగ్‌బుక్ (ఓడలో రోజూ రాసే పుస్తకం) సంపాదిస్తే ఇవన్నీ తేలిపోతాయా?

లంగరుతాడు:
మూడు తేదీల్లో ఏదీ తప్పు కాదండీ. అవి ఒకే సంగతి తేదీలు కావు, అంతే. హెచ్‌జీ 75 అనే కాన్వాయ్‌కి (కలిసి వెళ్లే సరుకు ఓడల గుంపు) కాపలాగా వెళ్తుండగా, 23-24 నడిమి రాత్రి జర్మన్ జలాంతర్గామి యూ-563 టార్పెడో తగిలి ముందు భాగం ఎగిరిపోయింది. 159 మంది చనిపోయారు. మిగిలిన ఓడ మాత్రం నీళ్ల మీదే ఉంది. టగ్ (ఓడల్ని లాగే పడవ) వచ్చి జిబ్రాల్టర్ వైపు లాగడం మొదలుపెట్టింది. వాతావరణం పాడై తాడు వదిలేయాల్సి వచ్చింది, 27న మునిగింది. కాబట్టి "పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా దెబ్బ తగిలినది, తాడు వేసినది, మునిగినది అని మూడు వరసలు రాయండి.

23కీ 24కీ మధ్య పేచీ సాధారణంగా గడియారం దగ్గర పుడుతుంది. 1940 ఏప్రిల్ నుంచి 1942 నవంబరు దాకా జర్మనీ వేసవి సమయాన్ని శీతాకాలంలోనూ మార్చలేదు, అంటే జీఎంటీకి (గ్రీనిచ్ సమయం) 2 గంటలు ముందు. జీఎంటీ రాత్రి 10:30 అయితే జర్మన్ జలాంతర్గామి డైరీలో అప్పటికే మర్నాడు 00:30. రెండు వైపుల కాగితాలూ కలిపి వాడేవాళ్లు ముందు అన్నిటినీ జీఎంటీకి మార్చి, పక్క గడిలో అసలు కాగితంలోని టైమును ఉన్నదున్నట్టు ఉంచుకోవాలి. బ్రిటిష్ సందేశాల్లో టైము చివర ఒక అక్షరం ఉంటుంది. జెడ్ అంటే జీఎంటీ, ఏ అంటే గంట ముందు, బీ అంటే రెండు గంటలు ముందు. టైపు కొట్టేటప్పుడు ఆ అక్షరం వదిలేశారా, ఇక ఆ టైము ఎందుకూ పనికిరాదు.

పాత తెరచాప నౌకల జోలికి వెళ్తే ఇంకో చిక్కు. 1805 దాకా సముద్రం మీద రోజు మధ్యాహ్నం 12కి మొదలయ్యేది, అదీ మన తేదీకి 12 గంటలు ముందుగా. లాగ్‌లో "22, మధ్యాహ్నం" అంటే మన లెక్కలో 21 మధ్యాహ్నం.

పాతచార్టు:
లాగ్‌బుక్ మీద అంత ఆశ పెట్టుకోకండి. లండన్‌లోని క్యూ దగ్గరి నేషనల్ ఆర్కైవ్స్‌లో నౌకాదళ కాగితాల వరసలకి ఏడీఎం అని పేరు, లాగ్‌లు ఏడీఎం 53లో ఉంటాయి. కానీ రెండో ప్రపంచయుద్ధానికి క్రూజర్లు, అంతకన్నా పెద్దవాటివి దొరికినట్టు డిస్ట్రాయర్లవి దొరకవు, చాలావరకు ఉంచలేదు. ఉన్న లాగ్‌లో కూడా దిశ, వేగం, స్థానం, బారోమీటరు, లంగరు ఎత్తిన టైము, ఇంతే. ఎందుకు వెళ్లిందో ఉండదు. అందుకు ఏడీఎం 199 చూడాలి. కెప్టెన్లు పంపిన నివేదికలు, కాన్వాయ్ ఫైళ్లు, కమాండ్ల యుద్ధ డైరీలు అక్కడే.

ముందు ఏడీఎం 187తో మొదలుపెట్టండి. "పింక్ లిస్టు" అంటారు, ఏ నౌక ఏ రేవులో ఉందో కొద్దిరోజులకోసారి అచ్చువేసిన జాబితా. దానితో అస్థిపంజరం నిలబడుతుంది, తర్వాత ఏడీఎం 199తో కండ పట్టించొచ్చు. జలాంతర్గాములైతే లాగ్‌లు ఏడీఎం 173లో. డిజైన్ మార్పులు కావాలంటే గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియం దగ్గరి "షిప్స్ కవర్లు" చూడాలి, అవి నౌకవారీగా కాదు, తరగతివారీగా ఉంటాయి.

ఇంకో మాట. రిపేరు కాలాన్ని ఖాళీగా వదిలేయకండి. క్రూజర్ బెల్‌ఫాస్ట్ 1939 ఆగస్టులో దళంలో చేరి, నవంబరు 21న ఫర్త్ ఆఫ్ ఫోర్త్‌లో మైను దెబ్బ తింది. పైకి కన్నం చిన్నదే. అదురుకి కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నుదూలం) వంగి, యంత్రాలు విరిగాయి. తిరిగి దళంలోకి వచ్చింది 1942 నవంబరులో. ఈ మూడేళ్లు రాయకపోతే ఆ నౌక యుద్ధమంతా సముద్రం మీదే ఉన్నట్టు అనిపిస్తుంది.

దుర్భిణి:
ఫొటోల సంగతికొస్తే ఎఫ్03, జీ03 రెండూ ఆ ఓడవే. 1940లో ముందున్న అక్షరాన్ని మార్చారు, అంకె అలాగే ఉంచారు. కాబట్టి జీ కనిపిస్తే ఫొటో అంతకు ముందుది కాదు. సెన్సారు వాళ్లు నంబరు చెరిపేసిన ఫొటో అయితే ఓడ వెనక భాగం చూడండి. కొస్సాక్ ఉన్న ట్రైబల్ తరగతికి మొదట నాలుగూ జంట 4.7 అంగుళాల ఫిరంగి మౌంట్లే. విమానాల బెడద పెరిగాక 1940 నుంచి వెనక పైమెట్టు మీదిది తీసి జంట 4 అంగుళాల మౌంటు పెట్టారు. ఆ గొట్టాలు నిటారుగా లేచి కనిపిస్తాయి, తేడా ఇట్టే తెలుస్తుంది.

యుద్ధగౌరవాలు ఓడకి కాదు, పేరుకి చెందుతాయి, అదే పేరున్న తర్వాతి ఓడకీ వస్తాయి. "బాల్టిక్ 1855" పాత కొస్సాక్‌ది. రష్యా కోసం బ్రిటన్‌లో కడుతున్న నౌకని 1854లో యుద్ధం రాగానే లాక్కుని పెట్టిన పేరు అది (ఎగతాళి కాకపోతే ఏమిటి!). "డోవర్ పెట్రోల్" 1907 నాటి డిస్ట్రాయర్ సంపాదించినది. మీ నౌక జాబితాలోంచి ఈ రెండూ తీసేయండి. నార్విక్, బిస్మార్క్ పోరాటాల గౌరవాలు మీ నౌకవే.

తెరచాప:
బోలెడు థాంక్స్. ఇంకొక్కటి. ఒక నావికుడి సర్వీసు షీటులో డిస్ట్రాయర్‌కి ముందూ వెనకా "విక్టరీ" అని ఉంది. అడ్మిరల్ నెల్సన్ పాత ఓడ విక్టరీ మీద అంతమంది ఏం చేసేవాళ్లు?

పాతచార్టు:
ఓడ కాదండీ, పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ బ్యారక్స్. ఒడ్డు మీది స్థావరాలకీ నౌకల పేర్లే పెట్టేవారు. పెంబ్రోక్ అంటే చాటమ్, డ్రేక్ అంటే డెవన్‌పోర్ట్. చిన్న నౌకల సిబ్బందిని తల్లినౌక పుస్తకాల్లో ఎక్కించే పద్ధతీ ఉండేది. అప్పుడు ముందు తల్లినౌక పేరు, పక్కన బ్రాకెట్లో అసలు పనిచేసిన నౌక పేరు ఉంటుంది. బ్రాకెట్లో ఉన్నదే తీసుకోండి.