బ్లూ చిప్ అంటే అసలు ఏమిటండీ?

కాళ్ళ రొయ్యల రైతు:
ఈసారి వనామీ పట్టుబడి బాగానే వచ్చిందండి. మేత బాకీ, చెరువు లీజు పోగా కొంచెం మిగిలింది. భీమవరంలో తెలిసినాయన ఒకరు మ్యూచువల్ ఫండ్‌లో పెట్టమంటున్నారు. "అన్నీ బ్లూ చిప్ కంపెనీలే, టెన్షన్ లేదు" అంటారు. మా అబ్బాయేమో కంప్యూటర్ చిప్‌లు చేసే కంపెనీలు అనుకుంటున్నాడు. ఈ మాట ఎక్కడిది? నిజంగా అంత భద్రమా?

తణుకు బాబ్జీ:
కంప్యూటర్‌తో సంబంధం లేదండి. బాగా పెద్ద, పాత, పేరున్న కంపెనీలని అర్థం. నిఫ్టీ 50లో, అంటే షేర్ మార్కెట్‌లో 50 పెద్ద కంపెనీల సూచీలో, ఉన్నవాటిని అలా అంటుంటారు.

పాలకొల్లు మాష్టారు:
బాబ్జీ గారు చెప్పింది ఇవాళ్టి అర్థం. పుట్టుక వేరు. అది పేకాట బల్ల దగ్గర పుట్టిన మాట బాబూ.

నేను కామర్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద తెల్ల సుద్దతో ఒకటి, ఎర్ర సుద్దతో ఒకటి, నీలం సుద్దతో ఒకటి గుండ్రాలు గీసేవాణ్ణి. అమెరికాలో పోకర్ ఆడేవాళ్లు నోట్ల బదులు బల్ల మీద పెట్టే బిళ్లలే చిప్‌లు. మన పేకాట క్లబ్బుల్లో టోకెన్లు ఇస్తారే, అవే. రేటు ఆటను బట్టి మారేది కానీ పాత వరస ఇది: తెల్లది తక్కువ, ఎర్రది మధ్యరకం, నీలం అన్నిటికన్నా ఖరీదు.

1920ల్లో న్యూయార్క్‌లో డౌ జోన్స్ అనే ఆర్థిక వార్తల సంస్థలో ఆలివర్ గింగోల్డ్ అనే ఆయన పనిచేసేవాడు. షేరు ఒక్కొక్కటి 200, 250 డాలర్లు, ఆ పైన పలుకుతుంటే చూసి, వాటిని బ్లూ చిప్ షేర్లు అన్నాడని చెబుతారు. ఇక్కడ ఆగి చూడండి. ఆయన అన్నది ధర గురించి. మంచి కంపెనీ అనీ, మునగదనీ కాదు. ఆ అర్థాలు తర్వాత వచ్చి చేరాయి. నాకు ఈ విషయం మీద పట్టుదల ఎందుకంటే, భద్రం అన్న అర్థాన్నే మన రైతులకు అమ్ముతున్నారు. పేకాటలో నీలం బిళ్ల పెట్టి ఓడితే అదీ తెల్లబిళ్లలాగే పోతుంది.

సత్యం కంప్యూటర్స్‌ని అప్పట్లో అందరూ బ్లూ చిప్ అనే అన్నారు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి సూచీ సెన్సెక్స్‌లోని 30 కంపెనీల్లో ఒకటి. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని బయటపడ్డాక, 180 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడింది. ఎంత పెద్ద చెరువైనా రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

రాజోలు లక్ష్మి:
మాష్టారూ, మాట పుట్టుక బాగా చెప్పారు, కానీ రైతుని మరీ భయపెట్టేశారండి! సత్యం పడిన మర్నాడే సెన్సెక్స్‌లో దాని స్థానంలోకి సన్ ఫార్మా వచ్చింది. 30 కంపెనీలూ కలిపి కొన్నవాళ్లకి దెబ్బ తగిలింది, గానీ మునిగిపోలేదు. ఉన్నదంతా సత్యం ఒక్కదాంట్లోనే పెట్టినవాళ్ల సంగతి వేరు.

పాలకొల్లు మాష్టారు:
ఒప్పుకుంటానమ్మా, అది ముఖ్యమైన మాట. నేను వద్దంటున్నది షేర్లని కాదు, మాట విని నమ్మేయడాన్ని. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఫండ్లకు పెట్టిన వర్గాల్లో బ్లూ చిప్ అన్నదే లేదు. ఉన్నది లార్జ్ క్యాప్. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు ఆ లెక్కలోకి వస్తాయని 2017లో నిర్ణయించారు. బాబూ, ఆ ఫండ్ ఏ వర్గంలోదో అడుగు. ఏ కంపెనీలో ఎంత పెట్టారో ఫండ్ వాళ్లు నెలనెలా వెబ్‌సైట్‌లో పెడతారు, మీ అబ్బాయి చేత తీయించి చూడు. వచ్చే పంటకి సీడుకీ మేతకీ కావాల్సిన డబ్బు మాత్రం బ్యాంకులోంచి కదపకు.

కాళ్ళ రొయ్యల రైతు:
ఆయ్, అలాగే మాష్టారూ. సీడు డబ్బు ముట్టుకోను. ఆ ఫండ్ కంపెనీల జాబితా రేపు మావాడు తీస్తానన్నాడు. ఇక్కడే పెడతాను, లక్ష్మి గారూ మీరూ ఒకసారి చూసి చెప్పండి.