ఊళ్లో పాత సినిమా హాలు ఉండాలా, ఫంక్షన్ హాలు అయిపోనివ్వాలా?

గోదారిగట్టు:
పోయిన నెల పెళ్లికని తణుకు దగ్గర మా ఊరెళ్లి, పాత హాల్లో మ్యాట్నీ చూశాను. బుకింగ్ కన్నంలో చెయ్యి పెడితే సిమెంటు నున్నగా తగిలింది, ఎన్ని వేల చేతులు అరగదీశాయో! ఆటకి ముందు ఇప్పటికీ ఘంటసాల గొంతులో వెంకన్న పాట వేసి, కుచ్చుల తెర మెల్లగా పైకి లేపుతున్నారు. నాకు ఒళ్లు పులకరించింది. చూస్తే లోపల 14 మందిమే. ఓనరుగారు ఫంక్షన్ హాలుగా మార్చేద్దామనుకుంటున్నారట. మార్చకూడదని నా వాదన. డబ్బున్నవాడూ కూలికెళ్లేవాడూ ఒకే డైలాగుకి ఈల వేసే చోటు మా ఊళ్లో ఇంకోటి లేదు. మీరేమంటారు?

రెండో ఆట:
అన్నా, మా నాన్న జనగామ వైపు ఒక హాల్లో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేశాడు. రెండు ప్రొజెక్టరు మిషన్లు. రీలు అయిపోవచ్చేసరికి తెరకి కుడివైపు పైమూల ఒక చుక్క పడేది. అది చూడగానే రెండో మిషను తిప్పాలి, ఇంకో చుక్క పడగానే బొమ్మ దాని మీదికి మార్చాలి. బొమ్మకి వెలుగునిచ్చే కార్బన్ కడ్డీల వేడికి ఆ గదిలో చొక్కా ఒంటిమీద ఉండేది కాదు. హాలంటే నాకు ప్రాణం. అయినా ప్రేమతో కరెంటు బిల్లు కట్టలేం కదా. 2024 మేలో జనం రాకపోవడంతో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు పది రోజులు మూసుకున్నాయి. ఓనరు తప్పేం లేదు.

పద్మ:
జనం రాలేదంటున్నారు, మేమెందుకు రావట్లేదో ఎవరైనా అడిగారా తమ్ముడూ? మా ఊరి హాల్లో ఆడవాళ్ల బాత్రూమ్‌కి గడియ లేదు. ఇంటర్వెల్ అంతా మా అమ్మాయి కోసం నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మ కాలంలో నేల టికెట్టుకి ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో పొట్టి గోడ. నాట్లేసి వచ్చి, స్నానం చేసి, ఇరుగుపొరుగుతో కలిసి మొదటి ఆటకి ధైర్యంగా వెళ్లేది. కొత్త సౌండ్ సిస్టమ్ తర్వాత, ముందు ఆ గడియ పెట్టించండి.

గోదారిగట్టు:
అక్కా, నాకు ఆ సంగతే తట్టలేదు. మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. తమ్ముడూ, నష్టం సంగతికొస్తే, అది జనం వల్లే కాదు. మల్టీప్లెక్సుకి మొదటి రోజు నుంచీ వసూళ్లలో వాటా ఉంటుంది. మన హాళ్లకి మాత్రం డిస్ట్రిబ్యూటర్లు సినిమా బాగా ఆడే రోజుల్లో అద్దె ఇచ్చి, వసూళ్లు పడిపోయాక పర్సెంటేజీ అంటారు. 2025లో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, జూన్ 1 నుంచి మూసేస్తామన్నది అందుకే. ఆంధ్రాలో అయితే 2021 జీవోతో పంచాయతీల్లో ఏసీ లేని హాలుకి నేల టికెట్టు 5 రూపాయలు చేశారు. మరుసటి ఏడు కనీసం 20 చేసేసరికే ఎంతోమంది ఓనర్లు అప్పుల్లో పడ్డారు. లెక్క సరిచేయకుండా హాలు పని అయిపోయిందంటే నేనొప్పుకోను.

రెండో ఆట:
వాటా విషయంలో నీదే కరెక్టు అన్నా. కానీ పెద్ద సినిమా లేని నెలల్లో వాటా వచ్చినా ఏం మిగులుతుంది? అక్కడే నాకు నమ్మకం లేదు. మా నాన్న పనిచేసిన హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలే. మొన్న చుట్టాల పెళ్లికి అక్కడికే వెళ్లాం. భోజనాల దగ్గర ఆయన తల వెనక్కి తిప్పి పైకి చూస్తూ కూర్చున్నాడు. ప్రొజెక్టరు గది గోడకున్న రెండు కన్నాలు ఇంకా పూడ్చలేదు. మీ ఓనరుగారు ఇంకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకపోతే, ఈ ఆదివారమే వెళ్లి మాట్లాడు అన్నా.